భోజనం కోసమే కట్టిన మూడు గదులు

లండన్ సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో దిగాక, బయట వాన పడుతున్నా ఇబ్బంది లేదు. పాదచారుల సొరంగం కళలకూ డిజైన్‌కూ పేరున్న విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దాకా తీసుకెళుతుంది. ప్రవేశం ఉచితం కాబట్టి మేం మధ్యాహ్న భోజనానికే అక్కడికి వెళ్లాం. క్రామ్‌వెల్ రోడ్డు ద్వారం నుంచి తిన్నగా నడిచి, మధ్యలో కొలనున్న తోట దాటితే ఎదురుగా కనిపించే ఎర్ర ఇటుకల భవనంలోనే కేఫే.

పాత భవనాల్లో తర్వాతెప్పుడో హోటల్ పెట్టడం అన్నిచోట్లా ఉన్నదే. ఈ కేఫేలోని మూడు గదుల్ని మాత్రం 1860లలో భోజనానికే తీర్చిదిద్దారు. ఆ ఆలోచన మ్యూజియం తొలి డైరెక్టర్ హెన్రీ కోల్‌ది. అప్పట్లో వచ్చేవాళ్లలో మొదటి తరగతి వాళ్లకు ఒక మెనూ, రెండో తరగతి వాళ్లకు ఇంకొకటి. ఇప్పుడు అందరిదీ ఒకే వరస, ఎవరి ట్రే వాళ్లే పట్టుకోవాలి.

నడిమిది గాంబుల్ గది. గోడలూ స్తంభాలూ మెరిసే పింగాణీ, పైకప్పు ఎనామెల్ పూసిన ఇనప రేకు. కళ్లు చెదిరే ఈ పనితనం వెనక వంటింటి లెక్క ఉంది: మరకలు తుడిస్తే పోవాలి, నిప్పు అంటుకోకూడదు. అయితే చప్పుడును పీల్చుకునేది ఏదీ లేదు. జనం నిండితే పళ్లేల మోత, మాటలు అన్నీ గోడలకు తగిలి తిరిగొస్తాయి. కబుర్లు చెప్పుకుంటూ తినాలంటే పన్నెండు లోపే వెళ్లాలి, లేదా రెండు దాటాక.

ఇద్దరుంటే ఒకరు ముందు బల్ల చూసి కూర్చోవడం మేలు. వేడి భోజనం చేత్తో పట్టుకుని చోటు వెతకడం కష్టం. టీ కూడా అప్పుడే తెచ్చుకోవద్దు, అన్నీ తినేలోగా చల్లారిపోతుంది. శాకాహారులు సూప్ దేని రసంతో కాచారో అడగాలి. 14 రకాల అలర్జీ పదార్థాల వివరం ఇవ్వడం అక్కడి చట్టం ప్రకారం తప్పనిసరి, కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

మాకు నచ్చింది పక్కనున్న మోరిస్ గది. డిజైనర్ విలియం మోరిస్ అలంకరణ సంస్థ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో చేసిన పని ఇది. ఆకుపచ్చ గోడల మీద ఉబ్బెత్తు కొమ్మలు, ఆ పైన కుందేళ్లను తరిమే వేటకుక్కల వరస. అది వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ గీసింది. కిటికీల రంగుటద్దాలు చిత్రకారుడు బర్న్-జోన్స్‌వి. వెలుతురు తక్కువ, ఫోన్‌లో ఫొటోలు నల్లగా వస్తాయి. కిటికీ పక్క బల్ల దొరికితే వదలొద్దు.

మూడోది పాయింటర్ గది. నీలం రంగు పలకల్ని ఆర్ట్ స్కూల్ విద్యార్థినులు చేత్తో చిత్రించారు. ఒకప్పుడు అందరి ఎదుటే మాంసం కాల్చిన ఇనప పొయ్యి ఇంకా గోడకే ఉంది. చాలామంది గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్లిపోతారు. టీ తెచ్చుకుని ఆ పొయ్యికి ఎదురుగా కూర్చోండి.