ఆగస్టు 29 బోర్డు: ఏది రాయాలి, ఏది తీసెయ్యాలి

ఆగస్టు 29 వస్తోందంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు బడుల్లో 'చరిత్రలో ఈ రోజు' బోర్డు పని ఎవరో ఒక తెలుగు మాస్టారి మీద పడుతుంది. ఫోన్లో వెతికితే నిమిషంలో నలభై అంశాలు దొరుకుతాయి. అసలు చిక్కు అక్కడే. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న నల్లబల్ల మీద అన్నీ పట్టవు, పట్టించినా ఎవరూ చదవరు.

ముందు చోటు లెక్క చూసుకోవాలి. వరండాలో పది పన్నెండు అడుగుల దూరం నుంచి చదవాలంటే అక్షరం ఒళ్లే ఒక అంగుళం ఎత్తుండాలి. తెలుగుకి అది చాలదు. పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి ఒక వరసకి మూడంగుళాలు వదలాలి. ఇంగ్లిష్ బోర్డు కొలతతో రెండంగుళాలకే గీతలు కొడితే పై వరసలోని 'ర్వ' వత్తు కింది వరసలోని 'కీ' గుడి మీద కూర్చుంటుంది. ముప్పై ఆరు అంగుళాల ఎత్తులో శీర్షికకి నాలుగు, అడుగున రెండు తీసేస్తే మిగిలేది పది వరసలు. అడ్డంగా వరసకి పాతిక అక్షరాలు. "1863 - పర్వతాలపేటలో గిడుగు పుట్టారు" అన్నది సరిగ్గా ఒక వరస. అంటే రోజంతటికీ మీ దగ్గరున్నది నలభై, నలభై అయిదు మాటలు.

ఆ పది వరసల్లో నాలుగు గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారివి. దానిమీద బేరం లేదు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆ రోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇక్కడే మొదటి తప్పు దొర్లుతుంది: "శ్రీకాకుళం జిల్లాలో జన్మించారు." 1863లో శ్రీకాకుళం జిల్లా అన్నదే లేదు. అది 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. ఆయన పుట్టిననాటికి ఆ ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా కిందివి. "ఇప్పటి శ్రీకాకుళం జిల్లా" అని ఒక్క మాట చేరిస్తే చాలు. విజయనగరానికీ ఇదే జాగ్రత్త కావాలి. ఊరు పాతదే కానీ జిల్లా 1979 జూన్ 1 నాటిది.

రెండో తప్పు జయంతి లెక్కలో. పుట్టినరోజునే ఒకటి అని మొదలుపెట్టి, 2025లో 163వ జయంతి అని రాసేస్తారు. 2025లోంచి 1863 తీసేస్తే 162. అది 162వ జయంతి. అనుమానం వస్తే శతజయంతితో సరిచూసుకోండి. అది 1963లో వచ్చింది, 1962లో కాదు.

మూడోది సంవత్సరం పేర్లతో వచ్చే తంటా. పాత జాతకాల్లో, శిలాఫలకాల మీద రుధిరోద్గారి, ప్రమాది అని మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి రుధిరోద్గారి 1863 కావచ్చు, 1923 కావచ్చు, 1983 కావచ్చు. మనిషిని బట్టి ఏది కుదురుతుందో తేల్చుకోవాలి. పైగా ఆ సంవత్సరం జనవరిలో మొదలవదు, ఉగాదికి మొదలవుతుంది. గిడుగు వారు పోయింది 1940 జనవరి 22న. అప్పటికి నడుస్తున్నది 1939 ఉగాదికి మొదలైన ప్రమాది. "ప్రమాది అంటే 1939" అని కళ్లు మూసుకుని వేసేస్తే ఏడాది తేడా వచ్చేస్తుంది. మన ప్రాంతపు కవులు, సంగీత విద్వాంసుల తేదీల్లో కనిపించే ఒక్క ఏడాది తేడాల్లో చాలావాటికి మూలం ఈ జనవరి నుంచి ఉగాది దాకా ఉండే మూడు నెలలే. వారం కూడా రాసి ఉంటే పని సులువు. 1863 ఆగస్టు 29 శనివారం. కాగితంలో వేరే వారం ఉంటే తేదీయో, సంవత్సరమో ఒకటి తప్పినట్టే.

నాలుగు వరసల్లో మొదటిది పుట్టుక. రెండోది విజయనగరం. తండ్రి పోయాక అక్కడ మేనమామ ఇంట ఉండి మహారాజావారి బడిలో చదివారు. గురజాడ అప్పారావు గారు తోటి విద్యార్థి. మూడోది పర్లాకిమిడి. 1880లో అక్కడ ముప్పై రూపాయల జీతానికి మాస్టారుగా చేరారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసేదాకా ఆయన కాపురం అక్కడే. తరవాత రాజమండ్రి వచ్చేశారు. నాలుగో వరస మాత్రం తప్పకుండా సవరలు అనే గిరిజనులది కావాలి. ఇదే ఎక్కువగా వదిలేస్తున్నారు. వ్యావహారిక భాషోద్యమం, అంటే మాట్లాడే భాషలోనే రాయాలన్న ఉద్యమం సంగతి అందరూ రాస్తారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి సొంత ఖర్చుతో బడులు పెట్టి, ముప్పై నలభై ఏళ్లు మాటలు పోగుచేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలు మీ బడి హాస్టల్లో ఉంటే ఆ వరస వాళ్లచేత రాయించండి. (సీతంపేట 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పాత చార్టుల్లో ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది, దిద్దుకోండి.)

ఇక భాష. ఈ ఒక్కరోజు బోర్డు మీద "శ్రీ గిడుగు వారి యొక్క జయంతిని పురస్కరించుకొని ఘనముగా నిర్వహించబడుచున్నది" అని రాయడం కంటే పెద్ద తప్పు లేదు. ఆయన జీవితమంతా ఎదిరించింది ఆ రాతనే. "ఇవాళ గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు" అంటే సరిపోతుంది. బోర్డు పక్కన ఒక చార్టు కాగితం అంటించి, ఒక్కో గుంటడు, ఒక్కో గుంట (పిల్లాడు, పిల్ల) ఇంట్లో వినే మాట ఒకటి రాసి, పక్కన అర్థం రాయాలి అనండి. బుగత (భూస్వామి), కంబారి (పాలేరు) లాంటివి ఇప్పుడు ముసలివాళ్ల నోటనే వినబడుతున్నాయి. పిల్లలు ఇంటికెళ్లి అడిగి తెచ్చుకోవాలి కాబట్టి ఈ పని 27నే చెప్పాలి.

గిడుగు వారి పక్కన పెట్టడానికి ప్రపంచ చరిత్రలో ఈ తేదీకి ఇంతకంటే తగినది లేదనిపించేది ఇషీ కథ. 1911 ఆగస్టు 29న అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఒరోవిల్ అనే ఊరి కబేళా దగ్గర ఆకలితో నకనకలాడుతున్న ఒక మనిషి దొరికాడు. యాహీ అనే ఆదివాసీ జాతిలో మిగిలిన ఆఖరివాడు. తన పేరు ఎవరికీ చెప్పలేదు. వాళ్ల ఆచారంలో సొంత పేరు తనంతట తాను చెప్పుకోకూడదు. 'ఇషీ' అంటే వాళ్ల భాషలో మనిషి అని అర్థం, ఆ మాటతోనే పిలిచారు. 1915 వేసవిలో ఎడ్వర్డ్ సపీర్ అనే భాషావేత్త అతని దగ్గర కూర్చుని భాష రాసుకున్నాడు. 1916 మార్చి 25న ఇషీ పోయాడు. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇంక లేరు. ఆ సంవత్సరాల్లోనే ఇటు పర్లాకిమిడిలో పంతులు గారు సవర మాటలు రాసుకుంటున్నారు. సవర ఇవాళ్టికీ ఇళ్లల్లో, సంతల్లో వినబడుతోంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఇంక వివరించే పని ఉండదు. రెండు వరసలు ఇవ్వండి.

మరో రెండు వరసలు ఫారడేవి. సైన్స్ మాస్టార్లు ఇష్టంగా రాస్తారు, బొమ్మ మాత్రం తప్పు వేస్తారు. తీగచుట్టలోకి కడ్డీ అయస్కాంతం దూరుతున్న బొమ్మ గీసి కింద '1831 ఆగస్టు 29' అని పెడతారు. ఆ ప్రయోగం అక్టోబర్ 17 నాటిది. ఆగస్టు 29న ఫారడే చేసింది ఉంగరంతో. ఆరంగుళాల వ్యాసం, ముప్పాతిక అంగుళం పైచిలుకు మందం ఉన్న మెత్తని ఇనప ఉంగరానికి ఒక పక్క ఒక తీగ, రెండో పక్క వేరే తీగ చుట్టాడు. ఒక తీగకి బ్యాటరీ కలపగానే రెండో తీగ దగ్గరున్న అయస్కాంత సూది ఊగి ఆగిపోయింది. బ్యాటరీ తీసేసినప్పుడు మళ్లీ ఊగింది. మధ్యలో కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ కదలలేదు. కనిపెట్టిన విషయం అదే. మార్పు ఉన్నప్పుడే రెండో తీగలో కరెంటు పుడుతుంది.

ఇది బల్ల మీద చేసి చూపించొచ్చు. ఉంగరం దొరక్కపోతే నాలుగంగుళాల ఇనప బోల్టు చాలు. మోటార్ వైండింగ్ షాపులో దొరికే 26 గేజి ఎనామిల్ తీగ బోల్టు మీద యాభై చుట్లు, పైన ఒక పొర కాగితం, దాని మీద విడి తీగతో నూటయాభై చుట్లు. పైతీగ కొసలు ల్యాబులోని గాల్వనామీటర్‌కి (కొద్దిపాటి కరెంటుని సూదితో చూపే మీటర్), లోతీగ కొసలు రెండు టార్చి సెల్స్‌కి. సూది కదలడం లేదంటే నూటికి తొంభైసార్లు కారణం ఒక్కటే: తీగ కొసల మీది ఎనామిల్ గీకలేదు. చూడ్డానికి రాగి రంగే ఉంటుంది కాబట్టి గీకామనుకుంటారు. గరుకు కాగితంతో అంగుళం మేర మెరిసేదాకా గీకాలి. సెల్స్ రెండు మూడు సెకన్లకి మించి కలిపి ఉంచొద్దు, తీగ వేడెక్కి సెల్స్ దిగిపోతాయి. బోల్టుని గాల్వనామీటర్‌కి రెండడుగులు దూరంగా పెట్టండి. దగ్గరుంటే బోల్టు అయస్కాంతమై నేరుగా సూదిని లాగుతుంది, అప్పుడు ఏది చూస్తున్నామో తెలీదు.

ఒక వరస ధ్యాన్‌చంద్‌ది. 1905 ఆగస్టు 29న అలహాబాద్‌లో పుట్టారు. 1928, 1932, 1936 ఒలింపిక్స్‌లో హాకీ బంగారు పతకాలు. బెర్లిన్ ఫైనల్లో జర్మనీ మీద 8-1. హిట్లర్ పిలిచి ఉద్యోగం ఇస్తానన్నాడనే కథ జోలికి పోవద్దు. చెప్పుకోవడానికి బాగుంటుంది, గట్టి ఆధారం లేదు. ఆయన పుట్టినరోజు జాతీయ క్రీడా దినోత్సవం కదా అని కరణం మల్లీశ్వరిని కూడా ఇక్కడ ఇరికిస్తుంటారు. ఆమె సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది 2000 సెప్టెంబర్ 19న. ఆమదాలవలస పక్క ఊసవానిపేట అమ్మాయికి ఇంకొకరి రోజులో మూల ఎందుకు, మూడు వారాలు ఆగితే బోర్డంతా ఆమెదే.

మిగిలిన ఒక్క వరస అణుపరీక్షల వ్యతిరేక దినానికి. 1949 ఆగస్టు 29 పొద్దున సోవియట్ యూనియన్ సెమీపలాటిన్స్క్‌లో (ఇప్పటి కజకిస్తాన్) తన తొలి అణుబాంబు పేల్చింది. 1991లో అదే తేదీన ఆ పరీక్షా స్థలాన్ని మూసేశారు. ఐక్యరాజ్యసమితి 2009లో ఈ రోజుని ప్రకటించింది. పేలుడు సమయానికి అమెరికాలో ఇంకా 28 సాయంత్రమే. ఇలాంటివాటికి సంఘటన జరిగిన చోటి తేదీ వెయ్యాలి, వార్త అందిన చోటిది కాదు.

తీసెయ్యాల్సినవి రెండు చెప్పాలి, రెండూ జాబితాల్లో తెగ తిరుగుతాయి. ఇన్కా రాజు అటావల్పాని స్పెయిన్ వాళ్లు చంపింది 1533 ఆగస్టు 29న అని పాత పుస్తకాల్లో ఉంది. చరిత్రకారులు తరవాత సరిచూసి జులై 26 అని తేల్చారు. పాత తేదీని జాబితాలు ఇంకా ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకుంటూనే ఉన్నాయి. రెండోది తత్వవేత్త జాన్ లాక్ పుట్టినరోజు, 1632 ఆగస్టు 29. ఇది తప్పు కాదు, కానీ అప్పటి ఇంగ్లండ్ పాత క్యాలెండర్ ప్రకారం. మన క్యాలెండర్‌కి పది రోజులు కలపాలి, అంటే సెప్టెంబర్ 8. ఇంగ్లండు వాళ్లు 1752లో సెప్టెంబర్ 2 తరవాత ఏకంగా 14కి దూకారు. ఆ ముందు వాళ్లకి కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) పాత కాగితాల్లో జనవరి, ఫిబ్రవరి తేదీలు ఏడాది వెనక్కి కనిపిస్తాయి. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24, పద్మనాభ యుద్ధం 1794 జులై 10. రెండూ మార్పు తరవాతివి కాబట్టి వాటికి ఈ తద్దినం లేదు.

సినిమావాళ్ల పుట్టినరోజులు కావాలని పిల్లలు పట్టుబడతారు. ఆగస్టు 29 అక్కినేని నాగార్జునది కూడా. బోర్డు మీద వద్దు, మైకులో చదివేటప్పుడు ఆఖర్న చెప్పండి, ఆఖరిదాకా వింటారు.

రాత పని 28 సాయంత్రమే కానివ్వాలి. ఆగస్టు వానల్లో పొద్దున్నే తడిగుడ్డ పెడితే బల్ల ఆరదు, సుద్ద జారిపోతుంది, ఆరాక అక్షరాలు వెలిసినట్టు కనబడతాయి. మధ్యాహ్నం తుడిచి, రెండు గంటలు ఆరనిచ్చి, దారానికి సుద్దపొడి రాసి మూడంగుళాలకో గీత కొట్టుకుని మొదలుపెట్టాలి. సంవత్సరాలు రంగు సుద్దతో, మిగతాది తెల్లసుద్దతో. చార్టు కాగితం మీద స్కెచ్ పెన్ను వాడొద్దు, వరండా జల్లుకి ఒక్క రాత్రిలో ముద్దయిపోతుంది. చెరగని మార్కర్ వాడండి. రాశాక ఒకరు చదువుతుంటే ఇంకొకరు అంకెలు మాత్రమే కాగితంతో సరిచూడాలి. రాసినవాళ్లకి తమ తప్పు కనబడదు. 1863 కాస్తా 1836 అయ్యేది ఇక్కడే.

30 పొద్దున చెరిపేముందు పది వరసలూ రిజిస్టర్‌లో ఎక్కించి, ఏది ఎందుకు తీసేశారో పక్కన పెన్సిల్‌తో రాసిపెట్టండి. లేకపోతే వచ్చే ఏడు కొత్తగా వచ్చే మాస్టారు అటావల్పాని మళ్లీ బోర్డెక్కిస్తారు.