8 కేబీ స్టాకు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ వర్క్‌క్యూ కథ

మామూలు ప్రోగ్రామ్‌లకి లినక్స్ 8 ఎంబీ దాకా స్టాక్ (ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలిచేటప్పుడు వాడుకునే మెమరీ) ఇస్తుంది కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. లినక్స్‌కి గుండెకాయైన కెర్నల్లో అలా కుదరదు. ఎక్స్86-64 ప్రాసెసర్ల మీద చాలా ఏళ్లు ఒక్కో థ్రెడ్‌కి 8 కేబీనే, అది పెరగదు, పైగా అప్పట్లో థ్రెడ్ ఇన్ఫో (ఆ థ్రెడ్ వివరాలు) కూడా ఆ స్టాక్ అడుగునే ఉండేది, హద్దు దాటితే దాన్నే చెరిపేసి మెషిన్ సంబంధం లేని ఇంకెక్కడో పడిపోయేది.

ఫైల్‌సిస్టమ్ కోడ్‌కి ఈ బాధ ఎందుకు ఎక్కువంటే అదెప్పుడూ మధ్యలో ఇరుక్కుంటుంది. పైన ఎవరో మెమరీ అడిగారు, ఖాళీ లేదు, రిక్లెయిమ్ (మెమరీ ఖాళీ చేసే పని) మొదలైంది, డర్టీ పేజీ (మారినా ఇంకా డిస్క్‌కి చేరని డేటా) డిస్క్‌కి రాయాలి, దానికి ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ కొత్త బ్లాక్ వెతకాలి, బ్లాకుల లెక్క ఉంచే బీట్రీ అనే చెట్టులాంటి సూచీలో నోడ్ నిండిపోయింది కాబట్టి స్ప్లిట్ చెయ్యాలి, దానికి మళ్లీ ఇంకో బ్లాక్, ఆ మెటాడేటా చదవాలంటే కింద ఎల్‌వీఎం, రెయిడ్, స్కజీ డ్రైవర్ లాంటి డిస్క్ పొరలు, ఇదంతా ఒకే కాల్ చెయిన్! డైరెక్ట్ రిక్లెయిమ్ (మెమరీ అడిగిన థ్రెడ్డే చేసే రిక్లెయిమ్) నుంచి వచ్చే రైట్‌బ్యాక్‌ని, అంటే డిస్క్‌కి రాయడాన్ని, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఒప్పుకోవడం మానేసింది, అయినా చాల్లేదు.

2012లో ఎక్స్‌ఎఫ్‌ఎస్ డెవలపర్ డేవ్ చినర్ అలొకేషన్ (బ్లాకులు కేటాయించే) పనిని వర్క్‌క్యూకి, అంటే వేరే వర్కర్ థ్రెడ్లు చేసే పనుల వరసకి, పంపేశారు. అడిగిన థ్రెడ్ తన స్టాక్ మీదే చిన్న వర్క్ ఐటెమ్ పెట్టి, క్యూలో వేసి, అయ్యేదాకా నిద్రపోతుంది. వర్కర్‌కి సొంత స్టాక్, దాదాపు ఖాళీగా ఉంటుంది. చూడ్డానికి ఎంత తేలికో.

కానీ లాకులు! ఒకే ట్రాన్సాక్షన్ రెండు అలొకేషన్లు చెయ్యొచ్చు, మొదటిది అయ్యాక ఏజీఎఫ్ లాక్ (డిస్క్‌లో ఒక భాగపు ఖాళీ జాగా లెక్కకి వేసే తాళం) దాని చేతిలోనే ఉంటుంది. రెండోదాన్ని క్యూలో వేసేసరికి వర్కర్లందరూ అదే లాక్ కోసం ఆగి ఉంటే ఇంక దీన్ని చేసేవాళ్లెవరు, ఒకరి కోసం ఒకరు ఆగిపోయి డెడ్‌లాక్. అదే ఏడాది వర్కర్ స్టాక్‌కి మారే ఈ స్విచ్‌ని ఒక మెట్టు పైకి జరిపి రెండు అలొకేషన్లూ ఒకే వర్కర్‌లో అయ్యేలా చేశారు.

నాకు బాగా నచ్చింది 2014 మార్పు. అప్పటికే 3.15 కెర్నల్‌తో స్టాక్ 16 కేబీ అయింది, ఇంక ఇదంతా తీసేద్దాం అనుకోవచ్చు, కానీ పాత కెర్నళ్లు ఇంకా వాడుకలో ఉన్నాయి, డైరెక్టరీ మార్పుల్లో, డైరెక్ట్ ఐఓలో (క్యాష్‌ని దాటి నేరుగా డిస్క్‌తో చేసే రాతల్లో) స్టాక్ ఓవర్‌ఫ్లోలు వస్తూనే ఉన్నాయి. అందుకే ప్రతి అలొకేషన్‌నీ పంపడం ఆపి, ఫైల్ ఎక్స్‌టెంట్ మ్యాప్ (ఫైల్‌లో ఏ భాగం డిస్క్‌లో ఎక్కడుందో చెప్పేది) బీట్రీ స్ప్లిట్ అయినప్పుడు మాత్రమే పంపేలా దించారు. స్టాక్ నిజంగా లోతుకి వెళ్లేది అక్కడే, అది అరుదు కూడా, కాబట్టి కాంటెక్స్ట్ స్విచ్ (ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి మారే) ఖర్చు రోజువారీ రైట్లకి తగలదు. ఎక్కడ కొయ్యాలో ఇంత కచ్చితంగా పట్టుకోవడం నాకైతే గొప్ప ఇంజినీరింగ్.

పని చేతులు మారితే థ్రెడ్ ఫ్లాగులు కూడా మారిపోతాయి, ఇది చాలామంది మర్చిపోతారు. అడిగింది కేస్వాప్‌డీ (వెనకాల మెమరీ ఖాళీ చేసే కెర్నల్ థ్రెడ్) అయితే వర్కర్‌కి ఆ సంగతి తెలీదు, అది మెమరీ కోసం మామూలు థ్రెడ్‌లా ఆగిపోతే మెమరీ ఖాళీ చేసే పనే నిలిచిపోతుంది. అందుకే ఆ ఫ్లాగులు వర్కర్ మోసుకెళ్తుంది.

ఇంత చేసినా 2023లో ఇంకో డెడ్‌లాక్ దొరికింది. మెమరీ బాగా తక్కువై కొత్త వర్కర్లు పుట్టకపోతే క్యూకి మిగిలేది ఆపద్ధర్మంగా ముందే పెట్టుకున్న ఒక్క రెస్క్యూయర్ థ్రెడ్డే, అది ఐఓ కంప్లీషన్ (డిస్క్ రాత పూర్తయ్యాక చేసే ముగింపు పని) నుంచి వచ్చిన స్ప్లిట్ ముందు తీసుకుని ఏజీఎఫ్ లాక్ కోసం ఆగితే, ఆ లాక్ పట్టుకున్నవాడు వెనకాల అదే రెస్క్యూయర్ కోసం ఆగి ఉంటాడు. ఐఓ కంప్లీషన్ ఎలాగూ వర్క్‌క్యూలోనే, కావలసినంత స్టాక్‌తో నడుస్తుంది కాబట్టి అక్కడి స్ప్లిట్‌ని మళ్లీ ఇంకో క్యూకి పంపకుండా నేరుగా చేసేయడమే పరిష్కారం అయింది.