నేను వాసవినా, బాసబినా?

విశాఖపట్నం సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాలలో నిన్ననే బీకాంలో చేరాను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఊళ్ళోనే 1896 నాటి కళాశాల ఉండగా అంతదూరం ఎందుకని నాన్న రెండు నెలలు గొణిగారు. పిన్ని సెయింట్ జోసెఫ్స్‌లోనే చదివింది. మా ఇంట్లో పిన్ని మాటకు ఎదురులేదు.

కళాశాల 1958లో మొదలైంది. నడిపేది ఆనెసీ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు. వాళ్ళ సంఘం వాళ్ళు ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్న ఆనెసీ ఊరి నుంచి బయలుదేరి, ఓడలో వచ్చి 1849లోనే యానాంలో దిగారట. అప్పటికి ఒడిశా రాష్ట్రం పుట్టడానికి ఇంకా 87 ఏళ్ళు ఉంది. ఆర్ట్స్, సైన్స్, కామర్స్ మూడూ ఉన్నాయి. పట్టా ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. మూడేళ్ళకు డిగ్రీ తీసుకుని వచ్చేయవచ్చు, నాలుగో ఏడూ చదివితే ఆనర్స్.

ఆన్‌లైన్ దరఖాస్తు పావుగంటలో అయిపోయింది. మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తేలిగ్గానే చేతికొచ్చింది. చిక్కంతా నా పేరుతోనే.

ఆధార్‌లో నేను వాసవిని. పదో తరగతి సర్టిఫికెట్‌లో బాసబిని! ఒడియా పలుకుబడిలో 'వ' కాస్తా 'బ' అవుతుంది. బడిలో చేర్చుకున్న గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. పైగా మనకు ముందుండే ఇంటిపేరును తీసుకెళ్ళి చివర తగిలించాడు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఇప్పుడైతే ఆయన్నూ బేంకట రామమూర్తి గిడుగు అనే రాసేవారేమో.

పేరు సంగతి తేల్చుకోవడానికి ఒక కార్యాలయానికి మూడుసార్లు తిరిగాం. మొదటిరోజు భోజనాల వేళ అన్నారు, రెండోరోజు సంతకం పెట్టేవారు లేరన్నారు. మూడోరోజు బల్ల వెనకాయన రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఇద్దరమ్మాయిలున్నారే, రెండో ఆవిడ ఏది?" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. అంతటితో ఊరుకున్నాడా? "తెలుగువాళ్ళకు పేరు రాసుకోవడం కూడా రాదు" అన్నాడు. నాన్న ముప్పై ఏళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నారు, ఒడియాలో కవిత్వమైనా చెప్పగలరు. అలాంటి నాన్న చేతిసంచిని రెండు చేతులా పట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. నాకు వచ్చిన కోపం ఇంకా దిగలేదు. ప్లస్ టూ అకౌంట్స్‌లో నాకు 94 వచ్చాయి, ఆ బల్ల వెనకాయనకు పక్కపక్కనున్న రెండు పేర్లు కలపడం రాలేదు!

చివరికి నోటరీ దగ్గర 'వాసవి, బాసబి ఒక్కరే' అని ప్రమాణ పత్రం రాయించుకున్నాం. అది గంట పని. బయట చెట్టు కింద కూర్చునే మధ్యవర్తికి అప్పటికే ఐదు వందలు సమర్పించుకున్నాం, అతని నీడకు కూడా పోకండి. మీ అమ్మాయి పేరు 'వ'తో మొదలైతే పదో తరగతి ఫారం నింపే రోజు గుమాస్తా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. సిగ్గుపడకండి.

కళాశాలలో కాగితాలు చూసిన సిస్టర్ ప్రమాణ పత్రం చదివి, "ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడిగారు. వాసవి అన్నాను. తల ఊపి, ముద్ర వేశారు. అంతే!

హాస్టల్‌కు రాత్రి నాన్న ఫోను చేశారు. "బాసబీ, అన్నం తిన్నావా?" అన్నారు.