సుసాన్ గారి గొంతు, మా ఇంటి పింక్ పచ్చడి

రేపు ఇక్కడ అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ కదా, ఇందాకే పచ్చి క్రాన్‌బెరీలు, ఉల్లిపాయ మిక్సీలో కచ్చాపచ్చాగా తిప్పి సోర్ క్రీమ్, చక్కెర, హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు కలిపి ఫ్రీజర్‌లో పెట్టాను. ఆ ఘాటు అచ్చం మన ఆవపెట్టిన పచ్చడిలాగే ముక్కుకి ఎక్కుతుంది, రంగు మాత్రం చిక్కటి పింక్. ఇది రేడియో యాంకర్ సుసాన్ స్టాంబర్గ్ వాళ్ళ అత్తగారి వంటకం, ఏటా ఈ పండక్కి సుసాన్ గారు అమెరికా జాతీయ ప్రజా రేడియో ఎన్‌పీఆర్‌లో చెప్పేవారు.

న్యూజెర్సీ వచ్చిన కొత్తలో ఒక్కదాన్నే కార్లో ఆఫీసుకి వెళ్తుంటే ఆ గొంతే నాకు తోడు. పెద్దగా నవ్వేసేవారు, నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టు ప్రశ్న అడిగేవారు, మా పక్కింటి పిన్నిగారిలా. ఆవిడా న్యూజెర్సీలోనే పుట్టారని తర్వాత తెలిసింది, ఎందుకో భలే సంతోషమేసింది.

1971లో ఎన్‌పీఆర్ మొదలైనప్పుడే రికార్డింగ్ టేపులు కోసి అతికించే పనిలో చేరి, 1972కల్లా అమెరికాలో జాతీయ స్థాయి రాత్రి వార్తల కార్యక్రమానికి యాంకర్ అయిన మొదటి ఆడమనిషి అయ్యారు. ఆడగొంతుతో వార్తలు చెబితే ఎవరు నమ్ముతారు అన్న రోజులవి! మొదట్లో ఆవిడ కూడా మగవాళ్ళలా గొంతు బరువుగా పెట్టి చదివేవారట, నువ్వు నీలాగే మాట్లాడు అని వాళ్ళ ప్రోగ్రాం డైరెక్టర్ బిల్ సీమరింగ్ చెప్పారట. ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో. ఆ కార్యక్రమంలో 14 ఏళ్ళు, తర్వాత ఎన్‌పీఆర్‌లోనే ఇంకా దశాబ్దాలు.

2025 అక్టోబర్‌లో 87 ఏళ్ళకి పోయారు. వాషింగ్టన్‌లో ఎన్‌పీఆర్ ఆఫీసు లిఫ్టులో ఫ్లోర్ నంబర్లు చెప్పే గొంతు ఆవిడదే. ఒక్కసారి వెళ్ళి ఆ లిఫ్టు ఎక్కాలనుంది నాకు.