మీటప్ పెట్టేవాళ్లకు ఒక మాట: హాలు కాదు, గేటు చూసుకోండి

నిన్న శనివారం హైదరాబాద్‌లో రాయదుర్గం వైపు ఒక టెక్ పార్కులో మా జావాస్క్రిప్ట్ మీటప్ అయింది, అంటే ఆ ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసేవాళ్లం కలిసే సభ. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. నాలుగు రోజులు పోతే "బాగానే జరిగిందిలే" అని నేనే అనేస్తాను.

హాలు దొరకడం పెద్ద పని కాదు. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల క్యాఫెటేరియాలు శనివారం ఖాళీగానే ఉంటాయి. వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురిని ఉద్యోగంలోకి లాక్కోవచ్చన్న ఆశ వాళ్లకూ ఉంటుంది, అడిగితే ఇస్తారు. టాక్ ఇచ్చేవాళ్లూ దొరుకుతారు. 40 నిమిషాల టాక్ ఒకటి, పదేసి నిమిషాలవి రెండు, చాలు. ప్రవేశం ఉచితమైతే పేరిచ్చినవాళ్లలో సగం మంది రారు. 60 సీట్ల హాలుకు 110 పేర్లు తీసుకోండి, సమోసాలు మాత్రం 60 మందికే చెప్పండి.

ఇక గేటు. హాలిచ్చిన కంపెనీ ఒకటి, పార్కును నడిపేవాళ్లు ఇంకొకరు. కంపెనీ హెచ్‌ఆర్ నుంచి "అప్రూవ్డ్" అని మెయిల్ రాగానే పనైపోయిందనుకుంటారు. ఆ మెయిల్ పార్కు ఫెసిలిటీ వాళ్లకు చేరదు. వాళ్లకు చేరినా గేటు దగ్గరి గార్డుకు చేరదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నది ఇక్కడే కళ్లారా చూడొచ్చు. అందుకే గురువారంకల్లా వచ్చేవాళ్ల లిస్టు ఫెసిలిటీ వాళ్లకే నేరుగా పంపించి, రెండు ప్రింట్లు తీసుకోండి. ఒకటి పార్కు గేటుకి, ఒకటి కంపెనీ రిసెప్షన్‌కి.

పేర్లు తీసుకునే ఫారంలో ఊరికే "పేరు" అని అడగొద్దు. సగం మంది కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లోని యూజర్‌నేమ్ రాస్తారు. మిగతావాళ్లు ఒట్టి పేరు రాస్తారు, ఆధార్‌లో మాత్రం ముందు ఇంటిపేరు ఉంటుంది. లిస్టు అక్షరక్రమంలో ఉంటే గార్డు ఇంటిపేరుతో వెతికి "లేదు సార్" అంటాడు. "గుర్తింపు కార్డులో ఉన్నది ఉన్నట్టు" అని ఫారంలోనే రాయండి. బండి నంబరు కూడా అడగండి, లేకపోతే పార్కింగ్ దగ్గర ఇంకో పంచాయితీ. మెట్రోలో వచ్చేవాళ్లకు నాగోలు లైనులో చివరి స్టేషన్ రాయదుర్గమే.

లోపలికి వెళ్లడం ఎలాగో అయిపోతుంది. నిన్న మా ప్రాణం తీసింది బయటికి రావడం. లోపలికి వచ్చేటప్పుడు ప్రతి ల్యాప్‌టాప్ సీరియల్ నంబరూ రిజిస్టరులో రాస్తారు, పోయేటప్పుడు సరిచూస్తారు. పొద్దున ఉన్న గార్డు సాయంత్రం ఉండడు. డెల్ ల్యాప్‌టాప్ అడుగున రెండు నంబర్లుంటాయి. ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్, అదే సీరియల్ నంబరు. పక్కనే ఒట్టి అంకెలతో ఎక్స్‌ప్రెస్ సర్వీస్ కోడ్. పొద్దుటి గార్డు అంకెలు సులువని అది రాసుకున్నాడు. సాయంత్రం వచ్చినాయన ట్యాగ్ చూస్తున్నాడు.

"నంబర్ కలవట్లేదు సార్."

"అన్నా, రెండూ దీనివే అన్నా, పక్కపక్కనే ఉన్నాయి చూడు."

"నాకు చెప్పొద్దు సార్, మీ కంపెనీవాళ్లను పిలవండి."

మాకు కంపెనీ ఎక్కడిది? హాలిచ్చినాయన చివరి టాక్ మొదలవకముందే వెళ్లిపోయాడు, ఫోనెత్తడు. బెంగళూరు నుంచి సొంత ఖర్చుతో వచ్చి టాక్ ఇచ్చినావిడ బ్యాగు టేబుల్ మీద బోర్లించి చూశారు. వెనక వరసలో ఇంటర్వ్యూ కోసం వచ్చిన పిల్లలు. అంత తలవంపులు ఎప్పుడూ పడలేదు. గార్డును అనేదేం లేదు, ఒక్కటి తేడా వస్తే జీతం కోసేది ఆయనకే. కోపమంతా హాలిచ్చి మాయమైనవాళ్ల మీదే.

కాబట్టి సీరియల్ నంబరు ముందే ఫారంలో తీసుకుని లిస్టులో అచ్చు వేయించండి, గార్డు చేత్తో రాసే పని పెట్టొద్దు. డెల్ అయితే సర్వీస్ ట్యాగే. మ్యాక్ అడుగున అక్షరాలు భూతద్దం పెట్టినా కనబడవు, యాపిల్ మెనూలో "అబౌట్ దిస్ మ్యాక్" నొక్కితే సీరియల్ నంబరు అక్కడుంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌కు అసెట్ ట్యాగ్ (కంపెనీ సొంత నంబరున్న స్టిక్కర్) అంటించి ఉంటే గార్డు కన్ను ముందు దాని మీదే పడుతుంది, కాబట్టి రిజిస్టరులో ఏం రాశాడో ప్రతివాళ్లూ ఫోటో తీసుకోవాలి. హాలిచ్చే కంపెనీ ఉద్యోగి ఒకరు చివరి ల్యాప్‌టాప్ గేటు దాటేదాకా ఉంటామని మెయిల్‌లో రాసిస్తేనే తేదీ ప్రకటించండి. నోటిమాట వద్దు.

వైఫై గురించి కూడా. గెస్ట్ నెట్‌వర్క్‌లో పోర్ట్ 22 అనే దారి మూసేసి ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ (భద్రమైన కనెక్షన్ పద్ధతి)తో గిట్ పుష్, అంటే రాసిన కోడ్‌ను గిట్‌హబ్‌కు ఎక్కించడం, కుదరదు. గిట్‌హబ్‌కు పోర్ట్ 443 మీద కూడా ఎస్‌ఎస్‌హెచ్ ఉంది, ఆ సెట్టింగు ముందు రోజే అందరికీ పంపండి. వర్క్‌షాప్‌లో 30 మంది ఒకేసారి ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను నెట్ నుంచి దించే కమాండ్) కొడితే ఏ వైఫై అయినా చస్తుంది. ఒక ల్యాప్‌టాప్‌లో ఆ ప్యాకేజీలను దాచి పంచే వెర్డాచియో అనే సాఫ్ట్‌వేర్ నడిపి, ప్యాకేజీలు ఇంట్లోనే ఒకసారి దించి పెట్టుకుంటే అందరూ అక్కణ్నించే తీసుకుంటారు. ఇది గెస్ట్ వైఫై మీద కుదరకపోవచ్చు, ఒక పరికరం ఇంకోదానికి కనబడకుండా కట్టేస్తారు. మేం ఇంటినుంచి పాత రౌటరు పట్టుకెళ్తాం. నిన్న ఇన్‌స్టాల్ ఆగిందన్న మాట ఒక్కరి నోటా రాలేదు, ఆ ఒక్క విషయంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు.

శనివారం మధ్యాహ్నం తర్వాత సెంట్రల్ ఏసీ కావాలంటే విడిగా అర్జీ, గంటకింత రుసుము. ఎవరు కడతారో ముందే తేల్చుకోండి.

వచ్చే నెలకు కొండాపూర్‌లో సొంత గేటున్న చిన్న ఆఫీసు మేడమీది చోటు మాట్లాడుకున్నాం. లిఫ్టు లేదు, కుర్చీలు అద్దెకు తెచ్చుకోవాలి. ప్రొజెక్టర్ మాత్రం వాళ్లదే, టైప్-సి కేబుల్ మనమే తీసుకెళ్లాలి.