కుళ్లడం కూడా పనే

ప్రకృతి వల్ల మనకు కలిగే మేలు గురించి ఎవరు రాసినా మొదటి వాక్యంలోనే ప్రాణవాయువు ప్రస్తావన వచ్చేస్తుంది. నిజానికి ముదిరిన అడవి తాను తయారుచేసే ప్రాణవాయువులో దాదాపు అంతటినీ తానే ఖర్చు చేసుకుంటుంది. చెట్లు రాత్రింబవళ్లు శ్వాసిస్తాయి; రాలిన ఆకులనూ విరిగిన కొమ్మలనూ కుళ్లబెట్టే జీవులు మిగిలినదాన్ని వాడేస్తాయి. గాలిలో ఉన్న 21 శాతం ప్రాణవాయువు కోట్ల సంవత్సరాలుగా పోగుపడిన నిల్వ. అందువల్ల అడవి గొప్పతనాన్ని ఆ లెక్కలో వెతకడం నాకు సరైన దారిగా తోచదు. ఆ లెక్కలో ఖర్చు కింద కొట్టివేసిన కుళ్లబెట్టే పని దగ్గరే దాన్ని వెతకాలని నా అభిప్రాయం.

ప్రాణులనూ, అవి బతికే నేల, నీరు, గాలినీ కలిపి ఒకే ‘ఆవరణ వ్యవస్థ’గా చూడాలని 1935లో బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్‌లీ ప్రతిపాదించారు. ఆ వ్యవస్థలో శక్తి ఎలా చేతులు మారుతుందో అమెరికాలోని ఒక చిన్న సరస్సును ఆధారంగా చేసుకుని రేమండ్ లిండెమన్ 1942లో వివరించారు. సూర్యుని నుంచి వచ్చిన శక్తి మొక్కల్లోకి, వాటిని తినేవాటిలోకి, వాటిని వేటాడేవాటిలోకి వెళుతూ ప్రతి మెట్టు దగ్గరా చాలా భాగం వేడిగా చెదిరిపోతుంది. పై మెట్టుకు అందేది ఉజ్జాయింపుగా పదో వంతు. అయినా బెంగ లేదు, సూర్యుడు రోజూ కొత్త శక్తిని పంపుతూనే ఉంటాడు. భాస్వరం, నత్రజని వంటి వాటి సంగతి వేరు. అవి ఆకాశం నుంచి రోజూ దిగి రావు కనుక ఉన్నవే తిరిగి తిరిగి వాడుకలోకి రావాలి. పైగా అడవిలో పెరిగే పచ్చదనంలో జంతువుల నోటికి చేరేది కొంచెమే. అధిక భాగం ఎండి, రాలి, నేలకు చేరిన తరువాతే ఇతర జీవులకు ఆహారమవుతుంది.

ఒక్క ఆకునే తీసుకుందాం. అది రాలకముందే చెట్టు అందులోని నత్రజని, భాస్వరాలలో సుమారు సగాన్ని వెనక్కి లాక్కుంటుంది. నేలకు చేరాక వానకు తడిసి చక్కెరలూ పొటాషియమూ కరిగి దిగిపోతాయి. తడి ఆకు మీద శిలీంధ్రాలు అల్లుకుని, తమ సన్నని పోగులను లోపలికి చొప్పించి, ఎంజైములతో దాన్ని మెత్తబరుస్తాయి. వానపాములూ రోకలిబండలూ అలా మెత్తబడిన భాగాలనే ఇష్టంగా కొరుకుతాయి. ఆకు ముక్కలైనకొద్దీ బాక్టీరియా పట్టుకోవడానికి చోటు పెరుగుతుంది. చివరకు ఈనెల వల మాత్రం మిగులుతుంది, ఎందుకంటే ఈనెలకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను పూర్తిగా విడగొట్టగలిగేవి ప్రధానంగా కొన్ని రకాల శిలీంధ్రాలే. వీటిలో ఏదీ చెట్టుకు ఎరువు వేద్దామని పూనుకున్నది కాదు. ప్రతిదీ తన కడుపు తాను చూసుకోగా, వాటి శరీరాలకు అక్కరలేని నత్రజని మట్టిలో కలుస్తుంది, వేళ్లు దాన్ని అందుకుంటాయి.

ఈ పనివాళ్లు కొరవడితే ఏమవుతుందో ఆస్ట్రేలియా పశుపోషకులు తరతరాలుగా చూశారు. 1788లో బ్రిటిష్ నౌకలు ఆ ఖండానికి పశువులను తీసుకువెళ్లాయే గాని, వాటి పేడను తినే పురుగులను తీసుకువెళ్లలేదు. అక్కడ పేడపురుగులు లేకపోలేదు, వందల రకాలున్నాయి. అయితే అవి చాలావరకు కంగారూల వంటి జంతువులు వేసే చిన్న, పొడి ఉండలకు అలవాటుపడినవి. తడిగా, పెద్దగా పడే ఆవు పేడకడి వాటికి కొత్త. దాంతో పేడ నెలల తరబడి అట్టకట్టి పచ్చిక మీదే పడి ఉండేది. దాని కింద గడ్డి చచ్చేది, చుట్టూ మొలిచిన గడ్డిని పశువులు మేసేవి కావు, పేడలోని నత్రజని చాలావరకు గాలిపాలయ్యేది, ఈగలకు మాత్రం అది పండుగ. హంగరీలో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన కీటకశాస్త్రజ్ఞుడు జార్జ్ బోర్నెమిస్సా ఈ లోటును గుర్తించారు. ఆయన చొరవతో ఆ దేశపు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ 1965 నుంచి 1985 వరకు సాగించిన పథకంలో 43 రకాల పేడపురుగులను విదేశాల నుంచి తెచ్చి వదిలారు. రోగాలు వెంట రాకుండా గుడ్లను శుద్ధిచేసి, చేత్తో చేసిన పేడ ఉండల్లో పెట్టి పొదిగించవలసి వచ్చింది. అంత జాగ్రత్త పడినా నిలదొక్కుకున్నవి 23 రకాలే. వీటిలో చాలా పురుగులు పేడకడి కిందనే సొరంగం తవ్వి, పిల్లల కోసం పేడను లోపలికి చేరవేస్తాయి. ఆ తవ్వకంతో నేల గుల్లబారి వాననీరు ఇంకుతుంది, ఎరువు వేళ్ల దాకా దిగుతుంది, ఈగలకు చోటు తగ్గుతుంది.

ఐక్యరాజ్యసమితి పిలుపుతో జరిగి 2005లో వెలువడిన ఆవరణ వ్యవస్థల మదింపు, ప్రకృతి ప్రయోజనాలను నాలుగు తరగతులుగా విభజించింది. తిండి, నీరు, కలప వంటి సరుకులు ఒకటి, వరదలనూ వాతావరణాన్నీ అదుపు చేయడం ఒకటి, సాంస్కృతికమైనవి మరొకటి. నేల ఏర్పడటం, పోషకాలు తిరగడం మాత్రం వీటన్నిటికీ ఆధారంగా నాలుగో తరగతిలో పడ్డాయి. ఆధారానికి విడిగా వెల కడితే ఒకే మేలును రెండుసార్లు లెక్కించినట్లవుతుందని ఆర్థికవేత్తలు దాన్ని పక్కన పెడతారు. పద్ధతిగా అది సబబే. కాని వెల లేనిదానికి నిధులు అడిగేవారుండరు.

న్యూయార్క్ నగరం ఆ చిక్కును తనకు చేతనైన తీరులో దాటింది. నగరానికి నీళ్లిచ్చే కొండ ప్రాంతాల నీటికి వడపోత కేంద్రం కట్టాలంటే వందల కోట్ల డాలర్లవుతుందని తేలడంతో, 1997లో అక్కడి ఊళ్లతో ఒప్పందం చేసుకుని, అంతకంటే చాలా తక్కువ ఖర్చుతో భూములు కొనడం, సెప్టిక్ ట్యాంకులు బాగుచేయించడం, పశువులూ పేడా వాగుల్లోకి చేరకుండా రైతులకు సాయం చేయడం చేపట్టింది. ఆ నీటికి క్లోరిన్ కలుపుతారు, అతినీలలోహిత కిరణాలతో శుద్ధి చేస్తారు. వడపోత మాత్రం ఉండదు. వడపోయనక్కరలేదన్న ఆ మినహాయింపు కూడా శాశ్వతమైనది కాదు, నీరు ప్రమాణాలకు తగ్గట్టుగా ఉందని చూపి గడువు తీరినప్పుడల్లా మళ్లీ పొందవలసిందే.