మా అమ్మాయి చరిత్ర పాఠంలో లేని 1971

మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో ఈ ఏడాది పదకొండో తరగతిలో ఈ దేశ చరిత్ర చదువుతోంది. అధ్యక్షుడు నిక్సన్ గురించి తన పాఠాల్లో వచ్చినవి ముఖ్యంగా మూడు: వియత్నాం యుద్ధం, 1972లో చైనా పర్యటన, వాటర్‌గేట్ కుంభకోణం. మొదటిదానికీ చివరిదానికీ ఆయన్ని తప్పుపడతారు, చైనాతో స్నేహం కలిపినందుకు మెచ్చుకుంటారు. ఆ స్నేహం ఎవరి ద్వారా కుదిరిందో, అది కుదిరేదాకా ఎవరి చావులు చూసీ చూడనట్టు వదిలేశారో ఆ పాఠంలో లేదు. బడి చెప్పకపోతే ఇంట్లో మనమే చెప్పాలి. అందులోనూ మేము విశాఖవాళ్లం.

1971 డిసెంబరులో మా నాన్నగారు విశాఖలో కాలేజీ చదువుతున్నారు. పాకిస్తాన్‌తో యుద్ధం వల్ల ఊరంతా బ్లాకవుట్, కిటికీలకు నల్ల కాగితాలు అంటించారట. మూడో తారీఖు అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద శబ్దం వచ్చి కిటికీ అద్దాలు అదిరాయని వీడియో కాల్‌లో మనవరాలికి చెప్పారు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఆ రాత్రే. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చింది. అది ఎలా మునిగిందో భారత్ ఒకలా, పాకిస్తాన్ ఒకలా చెబుతాయి. మా అమ్మాయిని కదిలించింది మాత్రం వేరే సంగతి. ఆ సబ్‌మెరైన్ తయారైంది అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధం నాటిది, అప్పట్లో దాని పేరు డయాబ్లో. 1960లలో అమెరికా దాన్ని పాకిస్తాన్‌కు అద్దెకిచ్చింది. "అంటే మా దేశం సబ్‌మెరైన్ తాతయ్య ఊరి మీదికి వచ్చిందా అమ్మా?" అని అడిగింది. అవును, వచ్చింది. మిగతా కథ అక్కణ్నుంచే మొదలుపెట్టాను.

1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని (ఇప్పటి బంగ్లాదేశ్) 162 స్థానాల్లో 160 షేక్ ముజీబుర్ రహమాన్ పార్టీకి వచ్చాయి. దేశం మొత్తం మీద మెజారిటీ ఆయనదే. అధికారం అప్పగించడానికి బదులు సైనిక పాలకుడు యాహ్యా ఖాన్ 1971 మార్చి 25 రాత్రి ఢాకా మీదికి సైన్యాన్ని వదిలాడు. విద్యార్థులను హాస్టళ్లలోనే కాల్చేశారు. ఆ ఏడాది సుమారు కోటిమంది సరిహద్దు దాటి భారత్‌లోకి వచ్చారు.

ఢాకాలో అప్పుడు అమెరికా కాన్సుల్ జనరల్, అంటే అక్కడి అమెరికా దౌత్య కార్యాలయ అధిపతి, ఆర్చర్ బ్లడ్. కళ్లతో చూసిందంతా వాషింగ్టన్‌కు రాసి పంపాడు. జవాబు లేదు. ఏప్రిల్ 6న ఆయన పంపిన టెలిగ్రామ్ మీద అక్కడి అమెరికన్ అధికారులు 20 మంది సంతకాలు చేశారు. ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేదు, దురాగతాలను ఖండించలేదు, ఇది నైతిక దివాలా అని సొంత ప్రభుత్వానికే రాశారు. కొద్ది వారాలకే బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు. ఏప్రిల్ నెలాఖరులో తయారైన ఒక ఫైలు మీద నిక్సన్ తన చేత్తో రాసిన ఆదేశం ఉంది: ఈ సమయంలో యాహ్యాను ఎవరూ ఒత్తిడి చేయొద్దని.

అప్పటికి చైనాకు రహస్య సందేశాలు యాహ్యా ద్వారానే నడుస్తున్నాయి. జూలైలో ఇస్లామాబాద్ వెళ్లిన నిక్సన్ జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ కడుపునొప్పి అని చెప్పించి, విలేకరుల కళ్లుగప్పి బీజింగ్ వెళ్లొచ్చాడు. డిసెంబరులో యుద్ధం మొదలయ్యాక ఇంకా ముందుకు పోయారు. అమెరికా ఇచ్చిన యుద్ధ విమానాలను జోర్డాన్ ద్వారా పాకిస్తాన్‌కు చేర్చడం చట్టవిరుద్ధమని సొంత ప్రభుత్వ న్యాయనిపుణులు చెప్పినా ఆగలేదు. అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను బంగాళాఖాతంలోకి పంపారు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ నౌక ఏం చేసేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది, మా నాన్నగారి ఊరు ఆ సముద్రం ఒడ్డునే ఉంది మరి.

నిక్సన్‌కు విదేశాంగ విషయాలు తెలియవని ఎవరూ అనలేరు. బాగా తెలిసినవాడనే పేరుంది. నా దృష్టిలో తప్పు తెలివిలో లేదు, పని చేసిన తీరులో ఉంది. ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని, తమ విదేశాంగ మంత్రికి కూడా చెప్పకుండా, లక్షల మంది బతుకులను తేల్చేశారు. నేలమీద ఉన్న అధికారి నిజం చెబితే ఆయన్నే తప్పించారు. ఒక నియంత తమతో మర్యాదగా ఉన్నాడు కాబట్టి నమ్మారు. ఇందిరాగాంధీ గురించీ భారతీయుల గురించీ వాళ్లు మాట్లాడుకున్న బూతులు 2005లో విడుదలైన రికార్డుల్లో ఉన్నాయి. అవి మా అమ్మాయికి చదివి వినిపించలేదు, కావాలంటే తనే చదువుకోగల వయసు.

అంతా విని తను ఒక ప్రశ్న వేసింది. "ఆయన ఇండియాకి ఎదురు వెళ్లాడు కాబట్టేనా అమ్మా నీ కోపం?" అడగాల్సిన ప్రశ్నే. ఇక్కడి మన కుటుంబాల్లో అధ్యక్షుణ్ని కొలిచేది చాలావరకు అలాగే మరి. హెచ్1బి గురించి ఏమన్నాడు, మన ప్రధానితో ఎలా ఉన్నాడు, దీపావళికి దీపం వెలిగించాడా లేదా. ఆ కొలతతో పిల్లలను పెంచితే, వేరే దేశం మీద బాంబులు పడ్డప్పుడు వాళ్లకు ఏమీ అనిపించదు. అందుకే 1953లో ఇరాన్‌లో ఎన్నికైన ప్రధాని మొసద్దెక్‌ను దించేసిన కుట్రలో అమెరికా పాత్ర గురించి చెప్పాను. లేని మారణాయుధాలు ఉన్నాయంటూ 2003లో ఇరాక్ మీదికి వెళ్లిన సంగతి చెప్పాను. ఇవేవీ మనకు జరిగినవి కావు, అయినా అన్యాయమే. 1971లో అమెరికాను ధైర్యంగా ఎదుర్కొన్న ఇందిరాగాంధీయే 1975లో ఎమర్జెన్సీ పెట్టి పత్రికల నోరు నొక్కిందని కూడా చెప్పాను. మన వైపు తప్పు దాచిపెట్టి అవతలివాళ్ల తప్పు చూపిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు, తర్వాత మన మాట నమ్మరు.

ఇవన్నీ పిల్లలకెందుకు, మనం బతకడానికి వచ్చినవాళ్లం అని స్నేహితులు చాలామంది అంటారు. వీసా మీద ఉన్నవాళ్ల టెన్షన్ నాకు బాగా తెలుసు, ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు లైన్లో నిలబడ్డాం. ఎవర్నీ రోడ్డెక్కమని అనను. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలు ఈ దేశ పౌరులు, రేపు ఓటు వేసేవాళ్లు. మన భయాన్ని వాళ్లకు అలవాటుగా అంటించే హక్కు మనకు లేదు. అడగడం ఎందుకు అవసరమో చూడండి: నిక్సన్ వీటో చేసినా కాంగ్రెస్ 1973లో యుద్ధాధికారాల చట్టం తెచ్చింది. సైన్యాన్ని పోరులోకి దింపితే 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి, అనుమతి లేకుండా 60 రోజులు దాటకూడదు. అయినా 2011లో లిబియాలో ఒబామా ఆ గడువు దాటేశాడు, ఇది చట్టం చెప్పే పోరాటం కిందికి రాదని వాదించాడు. 2017లో ట్రంప్ కాంగ్రెస్ అనుమతి లేకుండానే సిరియా మీద క్షిపణులు వేయించాడు. ఏ పార్టీ వాడైనా ఇంతే. అడిగేవాళ్లు లేకపోతే చట్టం కాగితం మీదే ఉంటుంది.

అడిగినవాళ్లు అమెరికాలో అప్పుడూ ఉన్నారు, అది కూడా తనకు తెలియాలి. మేముండేది బాల్టిమోర్ దగ్గర. 1971 జూలైలో పద్మ అనే పాకిస్తాన్ నౌక అక్కడికి సరుకు ఎక్కించుకోవడానికి వస్తుంటే, కొంతమంది మామూలు అమెరికన్లు చిన్న చిన్న తెడ్డు పడవల్లో దానికి అడ్డం వెళ్లి అరెస్టయ్యారు. వాళ్లలో చాలామంది బెంగాల్‌ను ఎన్నడూ చూసి ఉండరు. ఫిలడెల్ఫియాలో రేవు కార్మికులు పాకిస్తాన్ నౌకలకు సరుకు ఎక్కించబోమన్నారు. సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ ఆగస్టులో శరణార్థి శిబిరాలకు వెళ్లి చూసొచ్చి తన ప్రభుత్వాన్నే నిలదీశాడు. మా అమ్మాయికి నిక్సన్ దేశం ఎంత సొంతమో, ఆ పడవల వాళ్ల దేశం కూడా అంతే సొంతం. నేను ఇవ్వదలుచుకున్నది ఈ రెండోది.

ఇప్పుడు తను హిస్టరీ పేపర్ బ్లడ్ టెలిగ్రామ్ మీద రాస్తోంది, టీచర్ ఒప్పుకున్నారు. విదేశాంగ శాఖ బయటపెట్టిన పత్రాలు ఆన్‌లైన్‌లో చదువుతోంది, తాతయ్య జ్ఞాపకాలు వచ్చీరాని తెలుగులో అడిగి రాసుకుంటోంది. ఒక్క విషయంలో మాత్రం నాతో ఒప్పుకోవడం లేదు. చైనాతో శత్రుత్వం తగ్గడం ప్రపంచానికే మేలు కదా, దానికోసం యాహ్యాను భరించక తప్పలేదేమో అంటుంది. రుమేనియా ద్వారా కూడా చైనాకు సందేశాలు వెళ్లాయి, యాహ్యా ఒక్కడే దిక్కు కాదు, పైగా జూలైలో పని అయిపోయాక కూడా డిసెంబరు దాకా ఆయన్ని ఎందుకు మోశారు అని నేనంటాను. రాత్రి భోజనాల దగ్గర వాదన సాగుతూనే ఉంది. పేపర్లో తన వాదనే రాసింది, రుమేనియా సంగతి కూడా చేర్చింది.